దస్తగిరికి నేను రాసిన అద్దాలు

మా తమ్ముడి మనవరాలు ఈ ఏడు కంటి వైద్యం చదవడానికి చేరింది. మొన్న వచ్చి, "తాతా, మీ కాలంలో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ కళ్ళలో మార్పులు ఎట్లా కొలిచేవాళ్ళు?" అని అడిగింది.

"కొలిచేవాళ్ళం కాదమ్మా. చూసేవాళ్ళం కూడా కాదు" అన్నాను.

తమాషా చేస్తున్నాననుకొని నవ్వింది. నేను తమాషా చేయలేదు. ఆ పిల్ల వెళ్ళిపోయాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ ఊరికి బదిలీ అయ్యానో ఎవరికీ అక్కర్లేదు. నాకే అక్కర్లేదు. ఒక బస్సు డ్రైవరు గురించి, మా పై అధికారి గురించి, నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెబుతాను. ఆసుపత్రి పేరు రాయను. పై అధికారి పేరు కూడా రాయను. ఆయన పిల్లలు మంచివాళ్ళు. తండ్రి నిర్వాకం వాళ్ళకు తెలియకపోతేనే మేలు.

మఖమల్ పెట్టె

కర్నూలు రాజధానిగా వెలిగిన రోజులవి. ఊరినిండా గుడారాలు, గుడారాలనిండా గుమాస్తాలు. నేను ఎల్.ఎం.పి. చదివినవాణ్ణి. పెద్ద డిగ్రీ ఉన్నవాళ్ళ లెక్కలో సగం డాక్టరును. కంటి విభాగంలో మా పెద్ద డాక్టరుకు సహాయకుడిగా ఉండేవాణ్ణి.

పెద్ద డాక్టరు చెయ్యి మంచిదే, కాదనను. కంటిపొర తీస్తుంటే చూడముచ్చటగా ఉండేది. అయితే ఆయనకు తెలిసింది కూడా అంతే. పొర ఉంటే కోసేవాడు, లేకపోతే చీటీ మీద 'నార్మల్' అని రాసేవాడు. కంటి లోపల ఒక తెర ఉంటుందనీ, దాని మీద సన్నటి నెత్తురు నాళాలు ఉంటాయనీ ఎప్పుడో చదువుకొని, పరీక్ష పాసై, పుస్తకంతోపాటు ఆ సంగతినీ అటక మీద పారేశాడు.

కంటి లోపలికి చూసే పరికరం, ఆఫ్తాల్మోస్కోపు, మాకు ఒకటి ఉండేది. మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో, ఆయన సొరుగులో, తాళం కింద ఉండేది. మంత్రులెవరైనా ఆసుపత్రి చూడటానికి వస్తే ఆ పెట్టె తెరిచి చూపించేవాడు. వాళ్ళు తల ఊపేవాళ్ళు. మళ్ళీ తాళం పడేది. నేనున్నన్నాళ్ళూ అది ఒక్క రోగి కంట్లోకీ చూసిన పాపాన పోలేదు. ఇక చీకటిగది అని తలుపు మీద రాసి ఉన్న గదిలో చిరిగిన కంబళ్ళు, కాళ్ళు విరిగిన స్టూళ్ళు వేసేవాళ్ళు.

చక్కెర జబ్బు గురించి ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. "అది నెయ్యి తినేవాళ్ళ జబ్బయ్యా. జొన్నరొట్టె తినేవాడికి రాదు." ఈ ముక్క ఎంత ధీమాగా చెప్పేవాడంటే, నేను కూడా నమ్మాను.

జబ్బు ఉన్న పెద్దింటివాళ్ళు ఆయనకు తగ్గవాళ్ళే. దాన్ని బిరుదులాగా చెప్పుకొనేవాళ్ళు. "మా నాయనకూ ఇదే, మా జేజికీ ఇదే" అంటూ మీసం దువ్వి, నా ఎదుటే కాఫీలో రెండు చెంచాల చక్కెర వేయించుకొనేవాళ్ళు. కళ్ళు చూస్తామంటే, "కండ్లకేం రోగం? బ్రహ్మాండంగా ఉండాయి" అనేవాళ్ళు. కళ్ళు పోయాక వచ్చి, దిష్టి తగిలిందనేవాళ్ళు.

బియ్యంలో రాళ్ళు

దస్తగిరి కర్నూలు, కడప మధ్య బస్సు నడిపేవాడు. దూదేకులవాడు. నలభై అయిదేళ్ళ మనిషి, వెడల్పాటి భుజాలు, నెమ్మదైన మాట. బీడీ తప్ప వేరే అలవాటు లేదు. బస్సు యజమాని ఒక రెడ్డి. సేద్యం తమ్ముళ్ళకు వదిలిపెట్టి, కొత్తగా బస్సుల వ్యాపారంలోకి దిగినవాడు.

ఒక వేసవి పొద్దున దస్తగిరి, భార్య హుసేనమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు.

"ఏమప్పా, ఏమైంది?" అన్నాను.

"దూరం మసగ్గా ఉండాది సారూ. ఎదురుగా వచ్చేది లారీనో, బండినో దగ్గరికొచ్చిందాకా తెలీడంల్యా."

హుసేనమ్మ అందుకుంది. "దగ్గర మాత్రం శానా బాగా కనపడ్తాండాది సారూ ఈయప్పకు. పోయినేడు సూదిలో దారం ఎక్కియ్యమంటే చేతకాలేదు. ఇప్పుడేమో బియ్యంలో రాళ్ళు నాకంటే ముందే ఏరుతాండాడు."

నేను అక్కడే ఆగి ఉండాల్సింది. చత్వారం వచ్చిన మనిషికి ఉన్నట్టుండి దగ్గరి చూపు బాగుపడి, దూరపు చూపు మసకబారిందంటే, మొదట అడగాల్సింది మూత్రం సంగతి. నెత్తుట్లో చక్కెర పెరిగితే కంట్లోని కటకం ఉబ్బుతుంది. దాంతో చూపు దగ్గరికి మారుతుంది. ఇది నేను చదివిందే. పైగా ఆ తల్లి అడగకుండానే ఇంకో ముక్క చెప్పింది.

"నీళ్ళు కూడా శానా తాగుతాండాడు సారూ. పొద్దుగూకేలోపల కడవ ఖాళీ అయితాండాది."

"ఎండాకాలం కదమ్మా. దానికి తోడు ఇంజను వేడి" అన్నాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనన్న మాటల్లో ఇంతకంటే పనికిమాలింది ఇంకొకటి లేదు. జొన్నరొట్టె తినే డ్రైవరుకు పెద్దింటి జబ్బు రాదు కదా! కళ్ళకు చట్రం తగిలించి అద్దాలు మార్చి మార్చి చూశాను. మైనస్ ఒకటిన్నర దగ్గర అట్ట మీది ఆఖరి వరస గడగడా చదివాడు. మొగుడూ పెళ్ళాం సంతోషపడ్డారు. నేనూ సంతోషపడ్డాను. బస్సు నడపడానికి చూపు సరిపోతుందని సర్టిఫికెట్ కావాలంటే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"అక్షరాలు చదివాడా?" అన్నాడు ఆయన తల ఎత్తకుండా.

"చదివాడు సార్."

"అయితే నార్మల్." సంతకం పెట్టాడు.

మైదుకూరు వంక

నెల తిరిగేసరికి దస్తగిరి చిక్కిపోయాడు. హుసేనమ్మకు మా మీద నమ్మకం పోయింది, పోవాల్సిందే. మైదుకూరులో ఉన్న ఒక ముసలి ఆచారి దగ్గరికి తీసుకెళ్ళింది. నాటువైద్యుడు. పళ్ళు లేవు, ఒక కన్ను లేదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు ఒంటికి పోయిన తావున చీమలు పడ్తాండాయా?"

పడుతున్నాయి. దస్తగిరికి అది తెలుసు. మేము అడగలేదు, అతను చెప్పలేదు. మా దగ్గర గోడకు తగిలించిన డిగ్రీలు, తాళం పెట్టిన పరికరం ఉన్నాయి. ఆచారికి చీమలు ఉన్నాయి. జబ్బు పట్టుకున్నది ఆయనే.

ఆచారి వరి అన్నం మాన్పించాడు, బెల్లం మాన్పించాడు. పిడికెడు కొర్రన్నం, కాకరకాయ, ఏదో కషాయం. కషాయం సంగతి నాకు తెలియదు గానీ, కడుపు కట్టుకోవడంతో చక్కెర దిగింది. చక్కెర దిగేకొద్దీ ఉబ్బిన కటకం పాత ఆకారానికి వచ్చింది. నా అద్దాలు మాత్రం మైనస్ ఒకటిన్నర దగ్గరే ఉన్నాయి. తలనొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా దస్తగిరి వాటిని తీయలేదు. పెద్దాసుపత్రిలో రాసిచ్చిన అద్దాలు కదా, లోపం తన కళ్ళదే అనుకున్నాడు.

ఆ అద్దాలతోనే ఒక మధ్యాహ్నం మైదుకూరు దగ్గర మలుపు తిరిగాడు. ముందు వరిగడ్డి బండి పోతోంది. దూరం తప్పు అంచనా వేశాడు. చివరి క్షణంలో పక్కకు కోశాడు. బస్సు రోడ్డు దిగి పక్కన పారే వంకలో పడింది. చాలామందికి గీరుకుపోయిన దెబ్బలే. ఓబన్న అని ఒక సేద్యగాడి కాలు మాత్రం సీటు కింద నలిగిపోయింది. కడపలో చేతకాదంటే మా ఆసుపత్రికే తెచ్చారు. మోకాలి పైన తీసేశారు.

యజమాని రెడ్డి పోలీసులకు చెప్పింది ఒకటే మాట. "వాడు తాగి తోలినాడు."

విచారణకని కర్నూలు స్టేషనుకు తెచ్చిన దస్తగిరిని చూడటానికి వెళ్ళాను. నుదుటి మీద కట్టు ఉంది. బెంచీ మీద నా అద్దాలు, ఒకటి పగిలి ఉన్నాయి.

"నేను తాగల్యా సారూ. నీకు తెల్సు గదా. బండి యాడుందో నాకు సరిగ్గా అగపడల్యా" అన్నాడు.

పోలీసులను ఒప్పించి ఆసుపత్రికి తీసుకొచ్చి మళ్ళీ కొలిచాను. మైనస్ పోయింది. పైగా ప్లస్ ముప్పావు వచ్చింది. ఆచారి సంగతీ, చీమల సంగతీ అప్పుడే అడిగి తెలుసుకున్నాను. అతనికి అద్దాలే అక్కర్లేని రోజున, నా అద్దాలు పెట్టుకొని నలభైమంది ఎక్కిన బస్సు నడిపాడు.

పెద్ద డాక్టరుకు చెప్పాను. తప్పు మనదనీ, పోలీసులకు కాగితం ఇవ్వాలనీ అన్నాను.

"చీటీ మీద ఎవరి సంతకం ఉందయ్యా?" అన్నాడు.

"మీది సార్."

"మరి నోరు మూసుకో."

మూడు రోజులు మూసుకున్నాను. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నాలుగో రోజు వార్డులో నుంచి పోతుంటే, ఓబన్న లేని కాలిని గోక్కోబోయి, దుప్పటి తడుముతున్నాడు. అక్కడి నుంచి నేరుగా పోలీసు స్టేషనుకు పోయి, ఆ అద్దాలు నేనే రాశాననీ, అవి తప్పనీ, ఈ మనిషికి తాగుడు లేదనీ, జబ్బు ఉందనీ రాసి సంతకం పెట్టాను.

దస్తగిరిని వదిలేశారు. పెద్ద డాక్టరు నన్ను పిలిచి, "ఇక ఆపరేషను గదిలోకి అడుగుపెట్టొద్దు. చక్కెర కళ్ళంటే అంత మోజు ఉంది కదా, ఆ చీకటిగదిలో కూర్చుని చూసుకో" అన్నాడు. అది శిక్ష అనుకున్నాడు పాపం.

రంగు, నంబరు

కంబళ్ళు బయట పారేయించి, చీకటిగది కడిగించాను. దస్తగిరి వారం వారం ఒకే రోజున, ఒకే వేళకు వచ్చేవాడు. ముందు మూత్రం పరీక్ష. పరీక్షకు వాడే నీలిమందులో మూత్రం కొన్ని చుక్కలు వేసి స్పిరిటు దీపం మీద కాస్తే, చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. తర్వాత కళ్ళ నంబరు. నోటుపుస్తకంలో ఒక పక్క రంగు, ఇంకో పక్క నంబరు.

నాలుగు నెలలు రాశాను. రంగు ముదిరిన తర్వాత నంబరు మైనస్ వైపు జరిగేది. రంగు తేలిక పడ్డాక, వారం పది రోజులకు వెనక్కి వచ్చేది. ఒకే మనిషికి నాలుగు నెలల్లో అయిదు రకాల అద్దాలు రాయొచ్చు, అయిదూ తప్పే అవుతాయి. చక్కెర కుదుటపడి కొన్ని వారాలు నిలిచిందాకా అద్దాలు రాయకూడదు. ఇంత చిన్న సంగతి.

పుస్తకం పట్టుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించాను. రెండు పుటలు తిప్పాడు.

"మూత్రం చూసి అద్దాలు రాస్తావా? రేపు చెప్పు కొలిచి టోపీ కుట్టేట్టున్నావే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఇద్దరు తర్వాత కంటి వైద్యంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. చక్కెర చూడకుండానే అద్దాలు రాస్తూ తెచ్చుకున్నారు.

పథ్యం ఒక్కటే చాలక ఇన్సులిన్ మొదలుపెట్టాను, సూది వేయడం హుసేనమ్మ నేర్చుకుంది. ఐసుపెట్టె లేదు కాబట్టి మందుసీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచేది. రంగు చూడటం కూడా నేర్పాను. చదువురాని మనిషి. ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య ఉండే తేడాను నాకంటే బాగా పట్టేది.

ఎర్ర పెన్సిలు

లోపలికి చూడటానికి పరికరం కావాలి. మఖమల్ పెట్టె అడిగితే, "పాడుచేస్తావ్" అన్నాడు. మదరాసులో నాతో చదువుకున్న మిత్రుడు తన పాతది పంపించాడు. దస్తగిరి కళ్ళలో చుక్కల మందు వేసి, కంటిపాప విచ్చుకున్నాక చూశాను. తెర మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు. అక్కడక్కడ మైనం చిందినట్టు పసుపు మచ్చలు. కుడికంట్లో ఏడు చుక్కలు, ఎడమకంట్లో నాలుగు.

ఫొటో తీసే సాధనం మాకు లేదు. కాగితం మీద గిన్నె బోర్లించి గుండ్రం గీశాను. కంటి నరం లోపలికి వచ్చే చోట ఒక లేత బిళ్ళ కనిపిస్తుంది. దాని వెడల్పే నా కొలబద్ద. చూపుకు కేంద్రమైన చోటి నుంచి ఒక్కో చుక్క ఎన్ని బిళ్ళల దూరంలో ఉందో చూసి, ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను. మూడు నెలలకొకసారి కొత్త కాగితం.

ఏడాది తిరిగేసరికి కుడికంటి కాగితం మీద చుక్కలు ఇరవై దాటాయి. పసుపు మచ్చలు కేంద్రానికి ఒక బిళ్ళ దూరంలోకి వచ్చాయి. విచిత్రమేమంటే, అట్ట మీది అక్షరాలు మాత్రం అతను ఇంకా చదువుతూనే ఉన్నాడు.

అంతలో బస్సు యజమాని రెడ్డి వచ్చాడు. మంచి డ్రైవర్లు దొరకడం లేదు, దస్తగిరి కావాలి. పెద్ద డాక్టరు అట్ట చదివించి 'నార్మల్' అని రాసిచ్చాడు. నేను ఆ కాగితాలు ఆయన ముందు పరిచాను.

"ఈ ముగ్గులు నేనూ వేయగలను. సరే, నువ్వు చెప్పిందే నిజమనుకో. దీనికి మందుందా?"

"లేదు సార్."

"మందు లేనప్పుడు చెప్పి ఏం లాభం? వాణ్ణి ఏడిపించడానికా?"

మందు లేని మాట నిజం. ఇప్పుడున్న లేజరు కిరణాల వైద్యం అప్పుడు లేదు. ఆయన జీవితంలో చక్కెర కళ్ళ మీద అన్న ఒకే ఒక్క నిజం అది. దాన్ని కూడా అబద్ధం దాచడానికే వాడాడు.

ఆ సాయంత్రం దస్తగిరినీ, హుసేనమ్మనూ కూర్చోబెట్టి కాగితాలు వరసగా పెట్టాను. మొదటి దాని నుంచి చివరి దాని దాకా ఇద్దరూ చూశారు.

"సారూ, నిజం చెప్పు. నేను బస్సు తోలొచ్చునా?"

"ఇయ్యాల అక్షరాలు చదువుతున్నావు. ఈ చుక్కల్లో ఏది ఎప్పుడు చిట్లి నెత్తురు చిమ్ముతుందో నాకు తెలియదు. చిమ్మితే కంటి ముందు నల్లగుడ్డ కప్పినట్టే. అప్పుడు నువ్వు యాడుంటావో నువ్వే ఆలోచించుకో."

"పెద్ద డాక్టరు బాగుండాదని రాసిచ్చినాడే?" అంది హుసేనమ్మ.

"ఆయన లోపలికి చూడలేదమ్మా."

"కండ్లు పోతాయా సారూ?"

"పోవచ్చు. చక్కెర కట్టడిలో పెడితే మెల్లగా పోతాయి. అంతకంటే నేను మాట ఇయ్యలేను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దస్తగిరి జేబులోంచి ఆ సర్టిఫికెట్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఓబన్న కాలు నేను చూసినా సారూ. ఇంగ సాలు."

మళ్ళీ స్టీరింగు పట్టలేదు. రెడ్డి తిట్టాడు గానీ, ఆ దారిలో ప్రతి గుంతా తెలిసిన మనిషిని వదులుకోలేక, కర్నూలు బస్టాండులో టైమ్ కీపరుగా పెట్టాడు.

బస్టాండులో

రెండేళ్ళ తర్వాత దస్తగిరి కుడికంట్లో నెత్తురు చిమ్మింది. ఎడమకన్ను మెల్లగా వెళ్ళిపోయింది. చివరిసారి కొలిచినప్పుడు మూరెడు దూరంలో నా వేళ్ళు లెక్కపెట్టగలిగాడు, అంతే. టైమ్ కీపరు పని మాత్రం వదల్లేదు. ఇంజను చప్పుడు వింటే ఏ బస్సో చెప్పేవాడు.

అప్పటికి నన్ను కడపకు పంపేశారు. ఏదో పని మీద కర్నూలు వచ్చి, పొద్దున కడప బస్సు ఎక్కడానికి పోతే, బస్సు ముందు గుంపు. నిండిన బస్సుకు అడ్డంగా దస్తగిరి నిలబడి ఉన్నాడు. లోపల జనం అరుస్తున్నారు. రామన్న అనే కొత్త డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి తిడుతున్నాడు.

"ఏం దస్తగిరీ, ఏమి గలాటా?" అన్నాను.

గొంతు గుర్తుపట్టాడు. "మంచి టైముకొచ్చినావు సారూ. వీడు పొద్దున్నుంచి నాలుగు చెంబుల నీళ్ళు తాగినాడు. మూడుసార్లు గోడకాడికి పోయొచ్చినాడు. నిన్నటిదాకా అద్దాలు పెట్టుకొని టిక్కెట్లు చూసేవాడు, ఇయ్యాల ఉత్త కండ్లతో చదువుతాండాడని కండక్టరు చెప్పినాడు. ఆ ఎదురంగడి బోర్డు చదవరా అంటే మాత్రం నోరు పెగల్లేదు."

రామన్న కిందికి దూకి జేబులోంచి కాగితం తీశాడు. "ఇదిగో, సర్కారు డాక్టరు రాసిచ్చినాడు. చూపు నార్మలంట. ఈ గుడ్డోనికేం తెల్సు?"

సంతకం నాకు బాగా తెలిసినదే.

రెడ్డి కూడా అక్కడికి వచ్చాడు. "ఏం దస్తగిరీ, కండ్లులేనోడివి, కండ్లుండేవాన్ని ఆపుతావా? పక్కకు జరుగు!"

"నాకు కండ్లుండేటప్పుడు నన్నెవరూ ఆపల్యా రెడ్డీ" అన్నాడు దస్తగిరి. జరగలేదు.

పరీక్ష సామాను సంచిలో లేకుండా ఆ రోజుల్లో నేను ఊరు దాటేవాణ్ణి కాదు. రామన్నకు సీసా ఇచ్చి పంపాను. గొణుగుతూనే పోయి తెచ్చాడు. టీ అంగడి పక్కన స్పిరిటు దీపం వెలిగించి, గాజుగొట్టంలో నీలిమందు పోసి, అందులో చుక్కలు వేసి కాయడం మొదలుపెట్టాను. అరుస్తున్నవాళ్ళు కూడా బస్సు దిగి చూడటానికి వచ్చారు. నీలం పచ్చబడింది. పసుపైంది. పసుపు నిలవలేదు. రెడ్డి గొట్టం దగ్గరికి వంగి చూశాడు.

దస్తగిరి ఒక్కడే బస్సు దగ్గర నుంచి కదల్లేదు. మాటలు ఆగిపోవడం విని అటు తిరిగాడు.

"రంగేమొచ్చె సారూ?"

"ఇటుక రంగప్పా."

బస్సు మీద నుంచి చెయ్యి తీసి, గాల్లో తడుముకుంటూ వచ్చి రామన్న భుజం పట్టుకున్నాడు.

"రా నాయనా, సారుతో పో. నీకింకా టైముండాది" అన్నాడు.